కొబ్బరికాయ కూడా దొంగిలించని ఓడ దొంగ

ఒక దొంగ మీద ఫిర్యాదు రాయాల్సి వచ్చింది. దొంగతనం చేశాడని కాదు, చేయలేదని.

ఫిర్యాదుదారు నర్సాపురం కాపురస్తుడు. రోజూ పొద్దున్నే మాధవాయిపాలెం రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, అవతల సఖినేటిపల్లి వైపు ఒక బడిలో పిల్లలకి తెలుగు చెప్పి, సాయంత్రం మళ్ళీ అదే పంటు మీద ఇల్లు చేరే మేష్టారు. యాభై దాటిన మనిషి. బీపీ మాత్ర వేసుకుని మరీ రాస్తున్నాడు. కాబట్టి ఇందులో ఆవేశానికి చోటు లేదని పాఠక మహాశయులు గమనించ ప్రార్థన.

నేరం జరిగిన స్థలం 412 పేజీల నవల, ఓడ దొంగ కెప్టెనుకీ ఒక రాకుమారికీ మాయా సముద్రం మీద నడిచిన ప్రేమ కథ. వెల 450 రూపాయలు. నవల పేరు చెప్పను, రచయిత్రి పేరు అసలే చెప్పను. మొదటిది చెబితే మీరు కొంటారు. రెండోది చెబితే మా అమ్మ నాకు అన్నం పెట్టదు.

ఆ రచయిత్రి మా ఇంట్లో వాళ్ళకి రచయిత్రి కాదు, బంధువు లెక్క. వారపత్రికలో ఆవిడ సీరియల్ వస్తున్న రోజుల్లో మా అమ్మ వారం వారం ఆ కాయితాలు విడదీసి బియ్యం డబ్బా వెనకాల దాచేది. సీరియల్ అయిపోయాక గోనె సంచులు కుట్టే సూదీ, పురికొసా తీసుకుని కుట్టేసి, పైన పాత క్యాలెండరు అట్ట వేసేది. ఆ కుట్టులో ప్రతి పేజీకీ లోపలి అంచున రెండు మూడు అక్షరాలు మాయమైపోయేవి. అక్కడ ఏ మాట ఉండి ఉంటుందో నేనూ అక్కా పందెం వేసుకునేవాళ్ళం. తర్వాతెప్పుడో అదే నవల పుస్తకంగా వచ్చాక కొని సరిచూసుకుంటే, ఆవిడ వేసిన మాట మేం అనుకున్నదానికంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది. నేను తెలుగు మేష్టార్ని అయ్యింది ఆ కుట్టులో పోయిన అక్షరాల వల్లే. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పలేదు.

ఆవిడ పాత నవల్లో ఒక చోటుంది. మా నర్సాపురం చుట్టుపక్కల అరుగుల మీద కూచుని లేసు అల్లే ఆడవాళ్ళుంటారు. నోరు లోకాభిరామాయణం చెబుతుంటే చెయ్యి పువ్వులు పుట్టిస్తుంటుంది. అలాంటి ఒకావిడ దగ్గరికి మొగుడొచ్చి డబ్బులడుగుతాడు. ఆవిడ తలెత్తదు. పట్టిన వరస పూర్తి చేస్తుంది. దారం పంటితో తెంపుతుంది. అల్లిన పువ్వుని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేస్తుంది. అప్పుడు గానీ కొంగు ముడి మీదికి చెయ్యి పోదు. ఆ ముడి విప్పడానికి రచయిత్రి పేజీన్నర తీసుకుంది. ఒక తిట్టు లేదు, ఒక కన్నీటి బొట్టు లేదు. ఇరవయ్యేళ్ళ కాపురం అంతా ఆ పేజీన్నరలో కూచుంది.

అదే చెయ్యి ఇప్పుడు ఈ కొత్త నవల్లో ప్రేమ పుట్టించిన విధానం చిత్తగించండి. అతను ఓడ మీంచి చూశాడు. ఆమె ఒడ్డు మీంచి చూసింది. కాలం స్తంభించింది. రెండున్నర లైన్లు, అంతే. కొంగు ముడికి పేజీన్నర, ఏడు జన్మల బంధానికి రెండున్నర లైన్లు!

'సముద్రం, శాపం, ఓడ దొంగ, ప్రేమ' అని ప్రకటన చూసిన రోజున మాత్రం డెల్టా మొత్తం తరఫున నేను పొంగిపోయాను. పొంగమా మరి. ఓడలరేవు అని ఏకంగా ఊరే ఉన్న ప్రాంతం మాది. మా మాధవాయిపాలెం పేరే తెల్లవాళ్ళ నోట్లో పడి నలిగి 'మదపొల్లం' అయి, ఆ పేరుతో ఒక రకం నూలుగుడ్డ ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకోవడానికి మా రేవుకే వచ్చేవాళ్ళు. ఇన్నాళ్ళకి మా నీళ్ళ గురించి, మా కలప గురించి, మా గాలి గురించి మా ఇంటి రచయిత్రే రాస్తోంది అనుకుని, పుస్తకం అచ్చవకముందే డబ్బు కట్టేశాను. పార్సిలు వచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టబోతే ఆపాల్సి వచ్చింది.

ఇక నేరారోపణ. సముద్రపు దొంగతనాల మీద మన పార్లమెంటు 2022లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఓడ దొంగ అనిపించుకోవడం అంత తేలిక కాదు. నడిసముద్రంలో, స్వలాభం కోసం, ఒక ఓడలోని వాళ్ళు ఇంకో ఓడ మీదో, అందులోని మనుషుల మీదో, సరుకు మీదో పడి దౌర్జన్యమో నిర్బంధమో దోపిడీయో చేయాలి. ఆ నిర్వచనం పక్కన పెట్టుకుని నవలంతా పెన్సిలుతో గాలించాను. దౌర్జన్యం లేదు. నిర్బంధం లేదు, రాకుమారి మగవేషం వేసుకుని తనంతట తనే వచ్చి ఓడెక్కింది. దోపిడీ లేదు. అన్నిటికంటే ఘోరం, రెండో ఓడే లేదు. 412 పేజీల సముద్రంలో కెప్టెను గారి ఓడ ఒక్కటే ఒంటిపిల్లి రాకాసిలా తిరుగుతోంది. దోచుకోదగిన వస్తువేదీ ఆయన కంట పడకుండా రచయిత్రి కన్నతల్లిలా కాచుకుంది. ఏ కోర్టులో నిలబెట్టినా మొదటి వాయిదాకే కేసు కొట్టేస్తారు.

ఆయన దొంగిలించిందల్లా రాకుమారి హృదయమట. అది 19వ పేజీలో ఒకసారి, 88లో ఒకసారి, 240లో ఒకసారి. ఒకసారి ఎత్తుకుపోయిన వస్తువుని మళ్ళీ ఎత్తుకుపోవాలంటే మధ్యలో తిరిగి ఇచ్చి ఉండాలి కదా. ఆ రసీదు ఎక్కడా కనపడలేదు.

మా కోనసీమలో కొబ్బరి దొంగలున్నారు. అర్ధరాత్రి చెట్టెక్కుతారు. గెల కోసి, కింద పడేస్తే చప్పుడవుతుందని తాడు కట్టి దింపుతారు. తెల్లారేసరికి టీ బడ్డీ దగ్గర కూచుని, తోట ఆసామితో కలిసి దొంగల్ని తిడతారు. వాళ్ళని నేను సమర్థిస్తున్నానని అనుకోవద్దు. కానీ వృత్తి అన్నాక ఒక పనితనం ఉంటుందని మా డెల్టా పిల్లలకి కూడా తెలుసు. కెప్టెను గారికి మా తోటలో ఒక్క రాత్రి శిక్షణ ఇప్పించినా ఈ పుస్తకం గట్టెక్కేది.

పంటు మీద మోకు వేసే బాబాయి ఒకాయన ఉన్నాడు. నలభయ్యేళ్ళుగా వశిష్ఠ మీదే బతుకు. ఇంజన్లు రాకముందు తెరచాప పడవ నడిపిన చెయ్యి. చదువు రాదు. నేను మోటారు సైకిలు మీదే కూచుని పుస్తకం చదువుతుంటే వచ్చి అట్ట వైపు తేరిపార చూశాడు. అట్ట మీద ఓడ, దాని ముక్కు మీద గుండీల్లేని చొక్కాతో కెప్టెను, ఆయన ఛాతీకి ఆనుకుని రాకుమారి.

'గాలెటేపండీ మేష్టారూ?' అన్నాడు.

'ఏ గాలి బాబాయ్?'

'ఈ బొమ్మలో గాలండీ. తెరచాప చూత్తే అటేపు పొంగిందండి. ఆ అమ్మాయిగారి జుట్టు ఇటేపు ఎగురుతుందండి. పైన జెండా చూత్తే ఇంకో పక్కకి కొట్టుకుంటందండి. మూడు గాలులేటండీ బాబూ, ఓడ విరిగిపోద్ది.'

450 రూపాయలు పెట్టినవాడిని, ఊరికే ఒప్పేసుకుంటానా? 'ఇది మాయా సముద్రం బాబాయ్, మనలాంటిది కాదు' అన్నాను.

'ఆయ్, అలాగా అండి' అని మోకు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అవతలి రేవు వచ్చి, నేను బండి దింపుతుంటే పక్కకి వచ్చి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు: 'మాయదైనా గాలి గాలేగా అండి.'

బడిలో మా లెక్కల మేష్టారు ఇదే మాట ఇంకో రకంగా అన్నాడు. 'ఫాంటసీ కదండీ, లాజిక్ వెతక్కూడదు.' లెక్కల మేష్టారు అనాల్సిన మాటేనా ఇది? ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉంటుందని మా అమ్మమ్మ చెప్పింది. దానికో పద్ధతుంది. చిలక కాలు విరిస్తే మాంత్రికుడి కాలే విరగాలి. రెక్క విరిస్తే చెయ్యే పోవాలి. ఒక్కసారి కాలు విరిచినప్పుడు మాంత్రికుడికి జలుబు చేసిందని చెప్పి చూడండి, ముక్కుపచ్చలారని మనవడు కూడా లేచి కూచుని 'అదెలా?' అంటాడు. ఈ నవల్లో రాకుమారి మెడలో ఒక ముత్యం ఉంది. 40వ పేజీలో నీళ్ళు తగిలితే వెలుగుతుంది. 150లో కెప్టెను గారి చెయ్యి తగిలితే వెలుగుతుంది. 300లో అబద్ధం వింటే వెలుగుతుంది. 390లో ఎందుకు వెలిగిందో ముత్యానిక్కూడా తెలీదు. మా వీధి లైటు ఇంతకంటే నియమంగా ఉంటుంది.

పటం సంగతి చెప్పకపోతే పాపం. ముందు పేజీల్లో ఆ మాయలోకం పటం రంగుల్లో వేశారు. అందులో ఒక నది కొండల్లో పుట్టి సముద్రంలో కలిసింది, బాగుంది. దాని పక్కనే ఇంకో నది సముద్రంలోంచి బయల్దేరి కొండెక్కుతోంది. డెల్టా మనిషికి ఇది నవ్వులాట కాదు. నీళ్ళు ఎటు పోతాయన్నది మాకు కథ కాదు, కంచంలో అన్నం. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిస్తూ తల బద్దలు కొట్టుకున్నది ఈ ఒక్క లెక్క కోసమే: మెరకెక్కడ, పల్లమెక్కడ, లాకులెత్తితే నీళ్ళు ఎందాకా పోతాయి. అంతటి దొర కట్టినా శివారు రైతు ఇప్పటికీ నీటి కోసం ఎదురు చూస్తూనే ఉంటాడు. ఆ మాటకొస్తే నవల కూడా అంతే. మొదటి అయిదు అధ్యాయాల్లో లాకులన్నీ ఒక్కసారే ఎత్తేశారు. శాపం, ప్రతిజ్ఞ, తప్పిపోయిన తల్లి, మాట్లాడే తాబేలు, కవల సోదరుడు, అన్నీ పొర్లిపోయాయి. శివారు అధ్యాయాలకి చుక్క అందలేదు. కవల సోదరుడు 61వ పేజీలో 'త్వరలో కలుద్దాం' అని వెళ్ళాడు, మళ్ళీ మనిషి జాడ లేదు. తాబేలు పాపం ఏ చేలో ఎండిపోయిందో.

ఓడ ప్రయాణం నలభై రోజులు. నలభై రాత్రులూ పౌర్ణమే. రోజూ నిండు చందమామ, రోజూ వెండి అలలు. నలభై పౌర్ణములంటే మా పంచాంగం ప్రకారం మూడేళ్ళ పైచిలుకు. ఆ మూడేళ్ళూ రాకుమారి జడలో మల్లెలు వాడలేదు. కడియం నర్సరీల వాళ్ళు ఆ మొక్క ఏ రకమో వెంటనే కనుక్కోవాలని మనవి.

మధ్యలో ఒక రోజు గాలి బొత్తిగా పడిపోతుంది. ఆకు కదలదు అని రాసింది (సముద్రంలో ఆకు ఎక్కడిదని అడక్కండి). అయినా ఓడ బాణంలా దూసుకుపోతుంది, ప్రేమ బలం వల్ల. మా కాలవల మీద సరుకు పడవలు తిరిగిన రోజుల్లో గాలి పడిపోతే మనుషులు గట్టు మీదికి దిగి, భుజానికి తాడేసుకుని పడవని లాక్కుంటూ నడిచేవాళ్ళు. వాళ్ళకీ ఇళ్ళ దగ్గర పెళ్ళాలున్నారు, ప్రేమలున్నాయి. పడవ మాత్రం తాడుతోనే కదిలింది.

తుఫాను కూడా ఉంది నవల్లో. రెండు పేరాలు. అది వచ్చిన పని రాకుమారి కాలు జారడం, కెప్టెను గారు నడుము పట్టుకోవడం. పని అవగానే తుఫాను సెలవు తీసుకుంది.

1996 నవంబరు 6 రాత్రి నేను కోనసీమలో మా అమ్మమ్మ గారింట్లో ఉన్నాను. తలుపుకి అడ్డంగా మంచం, మంచం వెనక బియ్యం బస్తాలు, బస్తాలకి వీపు ఆనించి మా మావయ్య, మావయ్యకి వీపు ఆనించి నేను. బయట గాలి అరుపు కాదు, మూలుగు. ఎవరూ ఎవరి నడుమూ పట్టుకోలేదు. అమ్మమ్మ మాత్రం చీకట్లో మమ్మల్ని పేరు పేరునా పిలిచి, పలికామో లేదో చూసుకుంటూ తెల్లవార్లూ కూచుంది. తెల్లారి తలుపు తీస్తే తోటలో కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడుకున్నాయి. వందల చెట్లు, ఒకటే దిక్కు. గాలికి దిక్కుంటుందని బాబాయికి నేను చెప్పాల్సిన పని లేదు. ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు 1839 తుఫానుకి మళ్ళీ లేవలేకపోయింది. ఆ రేవు నుంచి ఎంతమంది ఓడలెక్కారంటే, బర్మా వాళ్ళకి తెలుగువాడు కనపడితే చాలు, 'కొరంగీ' అనే పిలిచేవాళ్ళు. ఒక రేవు చచ్చిపోయాక దాని పేరు సముద్రం అవతల మనుషుల మీద బతికింది. ఇంతకంటే ఫాంటసీ ఎక్కడుంది? ఆవిడకి ఇది కనపడలేదు. ముత్యం కనపడింది.

తిండి విషయంలో మా జిల్లాల వాళ్ళం కొంచెం పట్టింపు మనుషులం, ఒప్పుకుంటాను. కానీ నలభై రోజులు నడిచే ఓడ మీద వంటవాడు లేకపోవడమేమిటి? కాల్చిన మాంసం, మద్యం, అంతే. ఒక ఎండుచేప లేదు, ఒక ఊరగాయ జాడీ లేదు. కూరా పండూ లేకుండా నెలల తరబడి సముద్రం మీదుంటే స్కర్వీ అనే జబ్బొస్తుంది. చిగుళ్ళు వాచి రక్తం కారతాయి, పళ్ళు ఊగుతాయి, నోరు కంపు కొడుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నావికులకి నారింజలూ నిమ్మకాయలూ పెట్టి చూసి గుణం కనిపెట్టాడు. ఆ లెక్కన 30వ అధ్యాయంలో వాళ్ళిద్దరి ముద్దు సాహస కృత్యాల కింద లెక్కకొస్తుంది. దాన్ని రచయిత్రి 'తేనె' అంది.

సరే, అసలు ఓడ దొంగలు ఎలా ఉండేవాళ్ళో చూద్దామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. మతిపోయింది. అట్లాంటిక్‌ని గడగడలాడించిన బార్తొలొమ్యూ రాబర్ట్స్ 1722లో చచ్చిపోయాడు. వాడి ఓడలో రాతపూర్వకంగా నిబంధనలు! ముఖ్యమైన విషయం వస్తే మనిషికో ఓటు. దోచినదాంట్లో కెప్టెనుకి రెండు వాటాలు, మిగతావాళ్ళకి హోదాని బట్టి. రాత్రి ఎనిమిదింటికి దీపాలార్పేయాలి. దెబ్బ తగిలి కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి పరిహారం. మా పల్లెల్లో చేపల వేటకి వెళ్ళే పడవల్లో ఇప్పటికీ పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలేసుకోవడం లేదూ? అదే పద్ధతి. దొంగలే గానీ, మా ఊరి సొసైటీ కంటే లెక్క బాగా రాశారు.

ఆ నిబంధనల్లో ఇంకోటుంది. ఆడమనిషిని మారువేషంలో ఓడెక్కించి సముద్రం మీదికి తెస్తే మరణశిక్ష. అంటే నిజమైన దొంగల చేతిలో పడి ఉంటే మన కథ మూడో అధ్యాయంలోనే సుఖాంతం అయ్యేది. కెప్టెన్లని ఓడలో వాళ్ళే ఎన్నుకునేవాళ్ళు, నచ్చకపోతే దింపేసేవాళ్ళు. పొద్దస్తమానం ముక్కు మీద నిలబడి క్షితిజాన్ని చూస్తూ నిట్టూర్చే కెప్టెనుని ఎవరు ఉంచుతారండీ? ఆయన 'నడిసంద్రంలాంటి కళ్ళు' అన్న మాట నవల్లో 37 సార్లు వచ్చింది. ఒక్కసారైనా ఆ కళ్ళతో దిక్సూచి చూసిన పాపాన పోలేదు.

రాకుమారిని నిప్పుకణిక అన్నారు వెనక అట్ట మీద. ఆ నిప్పు మీద టీ కూడా కాగదు. 1720లో ఆన్ బానీ, మేరీ రీడ్ అనే ఇద్దరాడవాళ్ళు, మగ దొంగలంతా తాగి కింద అరల్లో నక్కితే, పైన నిలబడి పోరాడారట. చైనాలో జెంగ్ యీ సావో అనే ఆవిడ వందల ఓడల్ని ఏలి, 1810లో ప్రభుత్వంతో బేరమాడుకుని, తల నిలుపుకుని, సొమ్ము మిగుల్చుకుని బయటపడింది. మా లేసు అల్లే ఆవిడ ఆ కోవలోదే, చేతిలో కత్తి బదులు సూది, అంతే తేడా. ఈ రాకుమారి చేసిందల్లా తొమ్మిది సార్లు మూర్ఛపోవడం. అన్నిసార్లూ కెప్టెను గారు ఉన్న వైపుకే పడింది. అందులో మాత్రం గురి ఉంది.

నవల్లో దుర్మార్గుడు రాజు. ఏం చేశాడయ్యా అంటే నవ్వాడు, గడ్డం నిమురుకున్నాడు. రాజు ఏం చేయగలడో మన శాసనాలే చెబుతాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులూ గుర్రాలూ రత్నాలూ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేం మాత్రం సుంకం తప్ప ముట్టుకోం అని దాని సారాంశం. ఎంత కథ ఉంది అందులో! ప్రాణాలు అరచేత పట్టుకుని ఈది ఒడ్డుకొచ్చిన వర్తకుడు. ఒడ్డు మీద గొడుగు కింద, తట్టలూ మనుషులతో కాచుకుని కూచున్న రాజుగారి బంట్లు. దొంగ ఎవరో చెప్పండి. అలాంటి రాజునీ, దొంగతనమే రాని దొంగనీ ఒకే పుస్తకంలో పెడితే, పాత చెయ్యి అయితే ఏం చేసి ఉండేదో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఈ మాటే అమ్మతో అన్నాను. అమ్మ చదవడం ఎప్పుడో అయిపోయింది. మూడు రోజులుగా పుస్తకం పూజ గది గట్టు మీద, పసుపు కుంకాల పక్కన ఉంది. 'ఎలా ఉందమ్మా?' అంటే 'అచ్చు బాగుంది' అంది. ఇంకాస్త గుచ్చితే 'అక్షరాలు పెద్దవిగా వేశారు, కళ్ళకి హాయి' అంది. నేను నా పెన్సిలు గీతలు చూపించబోయాను. అమ్మకి కోపమొచ్చింది. 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్యా? ముప్ఫయ్యేళ్ళు ఆవిడ పుస్తకాలు పట్టుకుని ఏరు దాటావు. ఒక్క పుస్తకం కుదరకపోతే ఇంత గీకుతావా దాన్ని?' అంది. నేను నోరు మూసుకున్నాను. కాసేపటికి అమ్మే, గోడ వైపు చూస్తూ, 'ఆ కొంగు ముడి రాసిన మనిషేనా అని నాకూ అనిపించిందిలే' అంది.

అదీ బాధ. ఊరూ పేరూ లేనివాడు రాసుంటే 450 రూపాయలకీ ఒక దండం పెట్టి ఊరుకునేవాళ్ళం. వరదొచ్చి గోదారి ఎర్రబడ్డాక సముద్రంలోంచి చేప ఎదురీదుకుంటూ వస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు ఇలస. దానికెవరూ పుస్తెలమ్మరు. ఆ బురద నీళ్ళలో, ఆ వడిలో, ఎదురీదీ ఎదురీదీ వచ్చాకే అది పులస అవుతుంది. మా రచయిత్రి మొదట్నుంచీ పులస. ఎవరు చెప్పారో, ఏ లెక్క చూపించారో, వాలుకి పడి సముద్రంలోకి వెళ్ళింది. ముళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ప్రభుత్వం వారికి నాదొక్కటే విన్నపం. ఇకమీదట ఎవరైనా ఓడల మీద నవల రాస్తే, వరద రోజులు కాకుండా చూసుకుని, ఏదో ఒక రేవులో పంటు దాటిన టికెట్టు రాతప్రతికి గుండుసూదితో గుచ్చి పంపాలని జీవో తేవాలి. మా రేవు అయినా సరే, కోటిపల్లి రేవు అయినా సరే. దాటేటప్పుడు కళ్ళు తెరుచుకుని ఉండాలి.

మొన్న బాబాయి పుస్తకం అడిగాడు. పదో తరగతి చదివే మనవరాలు రాత్రిళ్ళు చదివి వినిపిస్తుందట. ఇచ్చాను. వారం తర్వాత తెచ్చిచ్చాడు. అట్ట మీద వేలి ముద్ర, లోపల ఎండు రొయ్యల వాసన. మొదటిసారి ఆ పుస్తకం సముద్రం వాసన వేసింది.

'ఎలా ఉంది బాబాయ్?'

'బాగుందండి. పిల్ల ఏడిసిందండి కూడా, ఆకర్న.' మోకు కొసని గుంజకి తిప్పి బిగించాడు. 'కానండీ మేష్టారూ, ఆ ఓడలో నీళ్ళు తోడేవోడెవడండీ?'

'అంటే?'

'చెక్క ఓడేగండీ. ఎంత నార కూరి తారెట్టినా ఎక్కడో ఓ కాడ ఊరుతుందండి. రేయింబగళ్ళు ఒకడు అడుగున కూచుని డబ్బాతో తోడుతానే ఉండాలండి. నేను చిన్నప్పుడు మా నాన్న పడవలో ఆ పనే చేసేవోణ్ణండి. పైనోళ్ళకి నేనున్నానని కూడా గేపకం ఉండేది కాదండి. పిల్ల చదువుతుంటే ఇప్పుడొత్తాడు, ఇప్పుడొత్తాడు ఆడు, అని చూశానండి. రాలేదండి.'

నేను 412 పేజీలూ మనసులో తిరగేశాను. రాలేదు.

పంటు ఇంజను వేశారు. బాబాయి మోకు విప్పి లోపలికి గెంతుతూ, వెనక్కి తిరిగి అన్నాడు: 'రెండో బాగం వత్తే చెప్పండేం. ఆడు అందులో ఉంటాడేమో.'

రెండో భాగానికి డబ్బు కట్టిన రసీదు వారం రోజులుగా నా చొక్కా జేబులోనే ఉంది.